గేటు పక్కన పూలామె

జూన్ 9, సోమవారం

కడగాలట. అందరినీ.

ఎర్రమంజిల్‌లో కట్టబోయే టవర్ల బుల్లి మోడల్ మీద నేను నిలబెట్టిన మనుషులందరినీ పీకి, రంగు వదిలించి, మళ్ళీ వేయాలట. బొటనవేలి గోరంత మనుషులు. ఎండాకాలమంతా కూర్చుని వేశాను. చీర అంచులు, చొక్కా గళ్ళు, ఒకాయనకు బట్టతల కూడా... బిల్డరు తరఫున వచ్చిన శ్వేత గారు మోడల్ చుట్టూ ఒకసారి తిరిగి, అద్దం మీద గోరుతో టకటకమని కొట్టింది.

"స్కిన్ టోన్స్ కొంచెం డార్క్‌గా లేవూ? మా బయ్యర్స్ ఇలా ఉండరండీ."

ఎలా ఉంటారమ్మా మీ బయ్యర్లు? పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడు, జనం ఏ రంగులో ఉంటారో. ఆవిడ చెయ్యి, నా చెయ్యి ఒకటే రంగు. ఆ చేత్తోనే చూపిస్తోంది!

అక్కడ అనలేదు. తలూపి వచ్చాను. ఇక్కడ అంటున్నాను.

జూన్ 10

మూర్తి గారు పొద్దున్నే పిలిచారు. వర్క్‌షాపు ఓనరు కదా, పిలుస్తారు.

"ఏంటమ్మా స్వప్నా, మనకెందుకీ గొడవ? వాళ్ళకు తెల్లగా కావాలట, తెల్లగా వేసిచ్చేద్దాం." ఆ తర్వాత గొంతు తగ్గించి — "ఆ గేటు దగ్గర పూలామె కూడా వద్దంటున్నారు. ప్రీమియం లుక్ పోతోందట."

పూలామె.

అది మా అమ్మ అని ఆయనకు తెలుసు. వర్క్‌షాపులో అందరికీ తెలుసు. నేను చేసే ప్రతి మోడల్లోనూ, అది ఏ బిల్డరుదైనా సరే, గేటు బయట గోడకు ఆనుకుని, ముందు బుట్ట పెట్టుకుని మా అమ్మ కూర్చుంటుంది. మొదట అదీ ఒట్టి ప్లాస్టిక్ బొమ్మే, కూర్చున్న మనిషి అంతే. పుట్టీతో బుట్ట చేసి అతికిస్తాను. అదే పుట్టీతో కొప్పు పెట్టి సూదిమొనతో దిద్దుతాను. ఆకుపచ్చ చీర వేస్తాను. అమ్మను కూర్చోబెట్టాకే మోడల్ మీద అద్దం మూత పడుతుంది. అది నా పద్ధతి. ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు, ఎవరూ కాదనలేదు.

వెళ్ళి పని చూసుకోమన్నారు. చూసుకుంటున్నాను.

జూన్ 11

అమ్మకు ఏమని చెప్పాలి?

అమీర్‌పేటలో తను పూలమ్మే సందులో అప్పుడే చాటింపు వేసేసింది. హాస్టల్ అమ్మాయిలకు, ఇస్త్రీ బండి అతనికి, మూరెడు మల్లెలు కొన్న ప్రతి ఒక్కరికీ — "నా బిడ్డ చేసే బిల్డింగులల్ల నేనుంట." ఇంతవరకూ నా ఫోన్లో ఫొటోలు చూడటమే గానీ మోడల్ కళ్ళారా చూడలేదు. ఈసారి లాంచ్‌కు తీసుకెళ్తానని నేనే మాటిచ్చాను. నా నోటికి కుట్లు వేయాలి.

జూన్ 12

బ్రేక్ ఆయిల్ కొన్నాను. మెకానిక్ నవ్వాడు. "బండే లేదు గదక్కా నీకు?" నవ్వే ఓపిక లేదు నాకు.

ప్లాస్టిక్ బొమ్మల మీద రంగు వదలాలంటే ఇదే దారి. డబ్బాలో పోసి, బొమ్మలను ముంచి, మూత పెట్టి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రంగు పొరలుగా ఊడి వస్తుంది. తర్వాత సబ్బు నీళ్ళు. థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. రంగుతో పాటు మనిషీ కరిగిపోతాడు.

డబ్బాలో పట్టినంత మందిని ముంచాను. ఆటో అతన్ని, చీపురు పట్టుకున్నామెను, జాగింగ్ చేసే అబ్బాయిని, బట్టతలాయన్ని... ఒక్కొక్కరూ బుడుంగున మునుగుతుంటే శ్వేత గారి పేరు చెప్పుకుంటూ వేశాను.

జూన్ 13

రుద్దాను. పొద్దున్నుంచి అదే పని. గ్లవ్స్ చిరిగిపోయి వేళ్ళు మండుతున్నాయి. అన్నం ముద్ద దగ్గర కూడా ఆ కంపే.

రంగు పోయాక అందరూ ఒక్కటే. బూడిద రంగు. ఎవరు ఆటో నడిపారో, ఎవరు కారు దిగారో చెప్పలేం. కోపంగా రుద్దితే ఒకడి చెయ్యి విరిగింది. విరగనీ.

అమ్మను ముంచలేదు. దూదిలో చుట్టి సొరుగులో పెట్టాను.

జూన్ 16, సోమవారం

నర్సింగ్‌ను చంపేసేదాన్ని!

నేను రాకముందే మిగతా బొమ్మలన్నిటినీ థిన్నర్లో వేశాడు. మా వర్క్‌షాపులో మోడళ్ళకు గోడలు కోసే మనిషి, చెక్కకూ రేకుకూ థిన్నర్ వాడీ వాడీ అదే అలవాటు. నేను వెళ్ళేసరికి డబ్బా అడుగున పాకం. కూర్చున్న బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. ఒకరి తల ఇంకొకరి ఒళ్ళోకి కారి...

"నీకు సాయమైతదనుకున్న అక్కా. జల్దీ అయితదని."

సాయమా!

"గింత ఫికర్ ఎందుకక్కా, బొమ్మలే గద."

ఆ మాటతో అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమేం అన్నానో గుర్తులేదు. ఇద్దరు పిల్లల తండ్రి, తల దించుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం నా బల్ల మీద చాయ్ పెట్టి వెళ్ళిపోయాడు. తాగలేదు. చల్లారాక తాగాను.

జూన్ 17

కూర్చున్న బొమ్మలు స్టాకులో లేవు. కొత్తవి లాంచ్‌లోపు రావు. శ్వేత గారికేమో తోటలో బల్ల మీద ఒక బామ్మ తప్పనిసరిగా కావాలట. బ్రోచర్లో వేసేశారట, పెద్దవాళ్ళ కోసం ప్రత్యేకంగా తోట అని.

మూర్తి గారు నా సొరుగు వైపు చూశారు. "ఆ బుట్ట తీసేస్తే అదీ కూర్చున్న బామ్మే కదమ్మా."

"అది మా అమ్మ సార్."

"అయితే ఇంకా మంచిదే కదా! అసలు లేకుండా పోయేకంటే ఏదో ఒకలా మోడల్లో ఉంటుంది."

అదీ నిజమే. అందుకే ఇంకా మంట. అమ్మ బొమ్మను సొరుగులోనే ఉంచుకోవచ్చు, అప్పుడు లాంచ్‌లో అమ్మ తన కోసం వెతుక్కుని, ఎక్కడా కనిపించక నా మొహం చూస్తుంది. లేదా ముంచాలి.

ఇంటికొచ్చేసరికి అమ్మ పట్టుచీర తీసి ఇస్త్రీకి ఇచ్చింది.

జూన్ 18

ముంచాను.

జూన్ 19

ముందు బుట్ట ఊడింది. తర్వాత చీర ఆకుపచ్చ. అన్నిటికంటే చివర మొహం. ఆ రంగు కుదరడానికి మూడు రంగులు కలిపాను ఒకప్పుడు, అమ్మను ఎదురుగా కిటికీ వెలుగులో కూర్చోబెట్టి మరీ. బ్రష్ రెండు సార్లు అటూ ఇటూ ఆడిస్తే పోయింది.

మళ్ళీ వేశాను. మీగడ రంగు చీర, తెల్ల జుట్టు, కొత్త సీసా విప్పి బేబీ గులాబీ రంగు మొహం, చేతులు. ఒక్క గీత కూడా పక్కకు పోలేదు. అంత చక్కగా వేసినందుకు నా మీద నాకే అసహ్యం. కొప్పు మాత్రం గోకలేదు. అది పుట్టీది, గట్టిగా పట్టుకుంది.

తోటలో బల్ల మీద కూర్చోబెట్టాను. గేటు పక్కన అమ్మ ఉండే చోట పామ్ మొక్క కుండీ పెట్టమన్నారు. పెట్టాను. బుట్ట నా దగ్గరే ఉంది.

జూన్ 20

"పెట్టినవా నన్ను?"

"పెట్టిన."

ఏం చెప్పను ఇంకా.

జూన్ 22, ఆదివారం

వెళ్ళాం. పంజాగుట్టలో మెట్రో దిగి, వానలో ఒకటే గొడుగులో. బిల్డరు హాల్లో ఏసీకి అమ్మ వణికింది. శ్వేత గారి కోసమని మూరెడు మల్లెలు తెచ్చింది, మంచివి ఏరి. ఆవిడ "సో స్వీట్" అని తీసుకుని బ్రోచర్ల పక్కన పెట్టి మర్చిపోయింది. పళ్ళు నూరుకున్నాను.

అమ్మ మోడల్ దగ్గరికి వెళ్ళింది. నేరుగా గేటు వైపే. వంగి చూసింది. కుండీ. ఇటు చూసింది, అటు చూసింది. నేను వెనకాలే వెళ్ళి నిలబడ్డాను. అన్నీ చెప్పేద్దామనుకున్నాను, వాళ్ళు ఇలా అన్నారని, వద్దన్నారని, వాళ్ళ ఇల్లు కూలిపోనూ అని...

"అరె! గీడున్న గద!"

వేలు తోట మీద. బల్ల మీద. కొప్పును బట్టి గుర్తుపట్టింది.

"ఇన్నేండ్లు గేటు బయటనే కూసోబెడితివి. ఈసారి లోపలికి తోలినవ్! బల్ల సుత వేసినవ్!"

మొహం ఇంత చేసుకుని నవ్వుతోంది. అద్దానికి ఇంకా దగ్గరగా వంగింది.

"రంగు జర ఎక్కువైంది గని... ఎండల కూసోకుంటే నేను సుత గట్లనే ఉందునేమో."

నవ్వలేకపోయాను. ఒళ్ళంతా మండిపోయింది. శ్వేత గారి మీదనా, మూర్తి గారి మీదనా, అమ్మ మీదనా? బుట్టతో సహా ప్రతి గేటు బయటా అమ్మను కూర్చోబెట్టిందెవరు? నేను. ప్రేమగా. ఎవరి అనుమతీ అడగకుండా. అమ్మనైనా అడగకుండా.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో పక్కనున్నామెకు చెప్పింది — "నేను లోపల్నే ఉన్న."

జూన్ 25

కూర్చున్న బొమ్మలు వచ్చాయి. కొత్త మోడల్ కూడా, ఇంకో బిల్డరు. నర్సింగ్ గోడలు కోస్తున్నాడు. నాకు ముందుగా ఒక బొమ్మ ఏరి పెట్టాడు. "గిది మీ అమ్మకు మంచిగుంటది అక్కా." తీసుకున్నాను. థాంక్స్ అన్నాను చివరికి.

ఎక్కడ పెట్టాలో తెలిసింది. లోపలే. బల్ల మీద, ఆకుపచ్చ చీరలో. ఎవడు పీకమంటాడో చూస్తాను. ఈసారి బ్రేక్ ఆయిల్ నా చేత్తో ముట్టను.

పొద్దున పూలు గుచ్చుతూ అమ్మే ఆ మాట ఎత్తింది. "మల్ల వచ్చే బిల్డింగుల సుత లోపల్నే పెడుతవ్ గద?"

పెడతానన్నాను.

అమ్మ దారం పక్కన పెట్టింది. తన చెయ్యి ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకుంది. మళ్ళీ దారం అందుకుంది.

అమ్మ మొహానికి కలిపే మూడు రంగులూ మూత తీసి పెట్టాను. పక్కనే గులాబీ సీసా ఉంది. ఏది వేయాలో సాయంత్రం అమ్మనే అడగాలి. అడిగితే అమ్మ ఏం వేయమంటుందో అని భయంగా ఉంది.