గిటారు పలక కోసం తెచ్చిన ఫిల్ము

దేవా,

అన్నం, పప్పు పొయ్యి మీదే ఉన్నాయి, వేడి చేసుకొని తిను. నీ కరెంటు గిటారుకు గీతలు పడకుండా బిగించే పలక కిటికీలో పెట్టాను. వార్నీషు ఆరలేదు, ముట్టుకోకు. ఫిల్ము మీద నేను వేసిన తాబేటి చిప్ప మచ్చలు అచ్చంగా కుదిరాయి.

ఇక అసలు సంగతి. ఈ ఎక్స్‌రే ఫిల్ములు యాడివిరా అని నిన్న అడిగితే, "ఆస్పత్రి పాత సామాన్ల గుజిరీలో దొరికినాయక్కా, ఎవరివో ఏందో" అన్నావు. నా మొహం చూడకుండా అన్నావు. అప్పుడే అనుమానం వచ్చింది. ఇంకో పలకకని, బొమ్మ పోయేలా సోడా నీళ్లలో కడగడానికి నువ్వు పక్కన పెట్టిన ఫిల్మును పొద్దున ఎండకు పట్టి చూశాను. రొమ్ము ఎముకలు కనిపించాయి. కింద మూలన నీ పేరుంది. తేదీ పోయిన నెలది. నువ్వు మోక ఊళ్లో రేడియో బాగుచేయాలని చెప్పి పోయిన రోజే అది.

బొమ్మ కడిగేస్తే జబ్బు పోతుందా? దాని మీద రంగు పూసి, చర్చిలో నా ఎదురుగానే వాయిద్దామనుకున్నావా?

ఆ ఫిల్ము తీసుకొని ఆస్పత్రికి పోతున్నాను. తినగానే నువ్వూ రా. సైకిలు తొక్కొద్దు, కౌల్ బజార్‌లో జట్కా ఎక్కు. వరండాలో కూర్చుని ఉంటాను. డాక్టరు దగ్గర నువ్వు ఒక్కడివే విన్న మాట ఈసారి ఇద్దరం కలిసి విందాం.

కృపక్క

నెల రోజులుగా నీ కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుంటుంటే నా మీద అలిగావనుకున్నాను. అందుకే నేనూ మాట్లాడటం తగ్గించాను.