వంటింటి మేకుకు తాళంచెవులు

అమ్మాయికి ఆశీస్సులు.

ముందే చెబుతున్నాను, అందరం క్షేమం. చంటిదానికి చిన్న గీత కూడా పడలేదు.

నీ కూతురు తాళంచెవి లేకుండా తాళాలు తీయడం సరదాగా నేర్చుకుంటోందని తెలిసి, దొంగవిద్య అని తిట్టి, దాని పనిముట్లు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను కదా. నిన్న పొద్దున నీ తమ్ముడి చంటిది వంటింట్లో దూరి తలుపు నెట్టేసింది. అది దానంతటదే తాళం పడే తలుపు. లోపల పొయ్యి మీద పాలు. తాళంచెవులన్నీ ఒక్కచోటే ఉండాలన్నది నా నియమం. తలుపుదీ, పెట్టెదీ వంటింటి లోపలి మేకుకే వేలాడుతున్నాయి.

"అమ్మమ్మా, ఇంటివాళ్లు ఒప్పుకోనిదే తాళం ముట్టనని నీకు మాటిచ్చాను. తియ్యనా?" అంది నీ కూతురు.

"తియ్యవే తల్లీ, ముహూర్తం పెట్టాలా?"

"అయితే నీ తలలో పిన్ను ఇలా ఇవ్వు."

పిన్నుతో పెట్టె తెరిచింది, పెట్టెలోని పనిముట్లతో తలుపు తెరిచింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. చంటిది బల్ల కింద కూర్చుని గరిటెలతో ఆడుకుంటోంది.

పనిముట్లు లెక్క చూసి దానికే అప్పగించాను. నువ్వు కూడా ఇక దాన్ని ఏమీ అనకు. వచ్చేటప్పుడు గట్టి తాళాలు రెండు తీసుకురా. ఒకటి దాని సాధనకు. రెండోది ట్రంకుపెట్టెకు అనుకునేవు, కాదు. నేనూ మొదలుపెట్టాను.

మీ అమ్మ