వంకర అంచు టీకా కార్డు

చుక్కమ్మకు నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అల్లుడూ, కవల పిడుగులిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. ఇంత ఆలస్యం మన ఇంటా వంటా లేదు. ఉత్తరం అందిన పూటే జవాబు రాసి, పోస్టుడబ్బా దాకా నడిచి, లోపల పడిందో లేదో అని డబ్బాని రెండుసార్లు తట్టి వచ్చే మనిషిని నేను. ఈసారి మాత్రం కలం పట్టడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలికి నా బుద్ధే వచ్చింది, పని చెప్తే నొప్పి, షికారంటే హుషారు. అమ్మ కళ్ళజోడు మార్పించాం. ఇప్పుడు ఇంట్లో దుమ్మంతా కనపడుతోందని నా ప్రాణం తీస్తోంది, పాత జోడే నయం. అన్నయ్య పోయిన నెల వచ్చి రెండు రోజులు ఉండి వెళ్ళాడు. ఇంకా ఎత్తు పెరుగుతున్నాడేమో అని అనుమానంగా ఉంది, వంటగది గుమ్మం తలకి తగిలింది. ఇక చిట్టి ఇల్లంతా పాకుతోందనీ, పొట్టిగాడు కూర్చున్నచోటే కూర్చుని దానితో బొమ్మలు తెప్పించుకుంటున్నాడనీ రాశావు. అచ్చం తాత పోలికే అంటూ అమ్మ ఆ ముక్క రెండుసార్లు చదివించుకుంది.

నీ టీకా కార్డు వెతకమన్నావు కాబట్టి అలమారా కింది అర మొత్తం నేలమీదికి దించాను. కార్డు పది నిమిషాల్లోనే దొరికింది. మధ్యాహ్నమంతా మిగతావాటితో గడిచిపోయింది. నీ హాస్టలు ఉత్తరాలు కట్టగట్టి ఉన్నాయి. మొదటిదాంట్లో, ‘నాన్నా, ఇక్కడ అందరూ నా ఎడంపక్కనే వచ్చి కూర్చుంటున్నారు, నువ్వు చెప్పిపెట్టలేదా’ అని నిలదీశావు, హాస్టలు మొత్తానికి నేనే వార్డెను అయినట్టు. ఆ కట్ట కింద, నీ ఏడో ఏట నువ్వు మా ప్రెస్సులో సొంతంగా అక్షరాలు పేర్చి తీసిన ప్రూఫు కాగితం ఉంది. ‘మా నాన్న చేతులు నలుపు’ అని ఒక్కటే వాక్యం. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగేసి పేర్చాలని నేను చెప్పకుండానే కనిపెట్టావు. నెలరోజులు ఆ కాగితం జేబులో పెట్టుకుని కనపడినవాళ్ళందరికీ చూపించాను.

ఆ రోజులు నీకెంత గుర్తున్నాయో గానీ నాకు నిన్నటిలా ఉన్నాయి. బడి వదలగానే తిన్నగా ప్రెస్సుకే వచ్చేదానివి. తొక్కుడు మిషను చప్పుడు వీధి మలుపు దాకా వినపడేది. కాగితం కట్టల మీదికెక్కి, కాళ్ళూపుకుంటూ, నేను కడిగిన సీసపు అక్షరాలని ఏ గడివి ఆ గడిలో వేస్తూ సాయంత్రం దాకా అక్కడే. ఆ కిరసనాయిలు వాసన మీ అమ్మకి గిట్టదు, నీకేమో అదే అత్తరు. జానెడంత ఉన్న నిన్ను చూడగానే మా యజమాని, ‘ఫుల్‌స్టాపు వచ్చేసింది, ఇంక పని ఆపండర్రా’ అనేవాడు. ఆ ఫుల్‌స్టాపే ఇంటికొచ్చేసరికి చుక్క అయింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టారు. అటు వెళ్ళినప్పుడల్లా ఓ నిమిషం నిలబడతాను. ఏం కావాలి తాతగారూ అంటాడు ఆ కొట్టు అబ్బాయి.

ఇంట్లో మన నడక, మన కూర్చోవడం అన్నీ నీ చెవిని బట్టే కుదురుకున్నాయి. భోజనాల దగ్గర నీది ఎడమ కొస, అందరం వినపడే నీ కుడిచెవి వైపుండాలి. నడుస్తున్నప్పుడు నేను ఏమరుపాటున ఎడంపక్కకి వస్తే, నన్ను చుట్టి వచ్చి చోటు మార్చుకునేదానివి. అన్నయ్యతో పోట్లాట వస్తే మంచి చెవిని దిండులో దూర్చి పడుకునేదానివి. వాడు పావుగంట అరిచి అరిచి, గోడకి చెప్పుకున్నట్టుందని ఏడుపు మొహంతో వచ్చేవాడు. ఎంత నవ్వుకునేవాళ్ళమో. ఆ నవ్వు సగంలోనే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఎందుకని మీ అమ్మ ఎప్పుడూ అడగలేదు.

ఇక నీ ఉత్తరంలో అసలు సంగతి. పిల్లలకి తొమ్మిదో నెల నిండింది, తట్టు టీకా వేయించాలని అల్లుడు పట్టుబడుతున్నాడు, నువ్వు ససేమిరా అంటున్నావు. ‘చిన్నప్పుడు నాకు ఆ సూది పడింది. అయినా ఆరో ఏట తట్టు వచ్చింది, చెవి పోయింది. పడినదాన్నే అది కాపాడలేనప్పుడు ఏం చూసుకుని నా పిల్లల్ని పొడిపించాలి నాన్నా? లెక్కల మాస్టారు కదా, ఆయనకి రుజువు కావాలట. నా కార్డు పంపు, కళ్ళారా చూస్తారు’ అని రాశావు. మీ వీధిలో ఒకరింట్లో తట్టు వచ్చిందని చివర్లో సన్నటి అక్షరాలతో ఇరికించావు. ఆ వాక్యం దగ్గరే నాకు నిద్ర పట్టకుండా పోయింది.

తల్లీ, ఆ సూది నీకు పడలేదు.

కార్డు నా ముందే ఉంది. తట్టు వరసలో తేదీ ఉంది, పొట్టి సంతకం ఉంది. రెండూ నా చేత్తో పెట్టినవే.

ఇది అన్నయ్యతో మొదలైంది. వాడికి ఆ సూది వేయించిన ఎనిమిదో రోజు జ్వరం వచ్చి, ఫిట్స్ వచ్చాయి. మీ అమ్మకి అప్పుడు యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు. ఇంట్లో నేనొక్కణ్ణే. కళ్ళు పైకి తిరిగిపోయి, ఒళ్ళు కర్రలా బిగిసిపోయిన పిల్లాణ్ణి ఎత్తుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తాను. ఆస్పత్రికి చేరేలోపే వాడు తేరుకున్నాడు. జ్వరం హెచ్చితే కొందరు పసిపిల్లలకి ఇలా వస్తుంది, చూడ్డానికి భయమే గానీ పిల్లాడికి ఏమీ కాదు అని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ చెప్పినట్టే వాడికేమీ కాలేదు. భయం మాత్రం నాలో ఉండిపోయింది.

నీ వంతు వచ్చిన రోజు మా ప్రెస్సుకి సెలవు. నిన్ను భుజాన వేసుకుని వెళ్ళాను. వరసలో మన ముందు ఇద్దరే ఉన్నారు. నువ్వు నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నావు. నర్సమ్మ తలెత్తి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి కూడా నా కాళ్ళు ఆగలేదు, వెనక్కి తిరిగి వచ్చేశాను. సాయంత్రం మీ అమ్మ అడిగితే, ‘అయిపోయింది, అసలు ఏడవనే లేదు’ అన్నాను. ఏడవలేదన్నది ఒక్కటే అందులో నిజం.

కార్డు భద్రంగా ఉంటుందని చెప్పి ప్రెస్సులో నా సొరుగులో పడేశాను. నిన్ను బడిలో చేర్చేటప్పుడు ఆ కార్డు అడిగారు. అప్పుడైనా వేయించి ఉండొచ్చు. ఇన్నేళ్ళూ ఏం చేశావని నర్సమ్మ అడుగుతుంది, అది మీ అమ్మ దాకా వస్తుంది. సిగ్గు తల్లీ, అంతకుమించి ఏమీ లేదు. ఆ టీకా కార్డులు అచ్చువేసేది మా ప్రెస్సే. పాతదాంట్లో ఆ ఒక్క వరసే కొత్త సిరాతో కనపడితే పట్టుబడతానని, అచ్చులో పాడైపోయిన కార్డుల్లోంచి ఒకటి తీసి, పాతదాంట్లో ఉన్నవన్నీ ఎక్కించి, ఖాళీగా ఉన్న ఆ ఒక్క వరసా నింపాను. ఒకే చేతిరాతలా ఉండకూడదని మూడు పెన్నులు మార్చాను. దొంగపనిలో కూడా నా పనితనం చూపించుకున్నాను. కావాలంటే అల్లుణ్ణి పరీక్షగా చూడమను, కార్డు అంచున ఉన్న గీత కుడివైపు వంకర తిరిగి ఉంటుంది. వంకర గీత పడ్డ కార్డు ఒక్కటి కూడా మేము ఆస్పత్రికి పంపలేదు.

ఇంతవరకే అయితే పిరికివాడని సరిపెట్టుకోవచ్చు. ఇంకా ఉంది. నీ ఆరో ఏట పెద్దమ్మ కొడుక్కి తట్టు వచ్చింది. ఒక్కతే చేసుకోలేక పెద్దమ్మ చెల్లెల్ని సాయానికి రమ్మని కబురుపెట్టింది. అమ్మ నిన్ను కూడా తీసుకుని బయల్దేరింది. ‘పిల్లెందుకు, ఇక్కడే ఉండనీ’ అన్నాను. ‘నువ్వు ప్రెస్సుకి పోతే ఎవరు చూస్తారు? అయినా సూది వేయించావుగా, దానికేం భయం?’ అంది గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ. అప్పుడు నేను నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే నీ చెవి నీకుండేది. ప్రెస్సు తాళాలు వెతుక్కుంటున్నట్టు నటించాను. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి.

రెండు వారాలు తిరక్కుండా నీ ఒళ్ళంతా ఎర్రగా పొక్కింది. ఆ వెనకే చెవిలో చీము. డాక్టరు టీకా సంగతి అడిగితే మీ అమ్మ సంచిలోంచి కార్డు తీసి గర్వంగా చూపించింది. ‘ఒక్కోసారి సూది పడినా కొందరికి పట్టదమ్మా’ అన్నాడాయన. పాపం ఆయన చూసింది నా కార్డునే కదా. నేను పక్కనే నిలబడి అవునవునని తలూపాను. ఇవాళ నువ్వు నమ్ముకుని కూర్చున్నది ఆ మాటనే.

ఆ తర్వాత మీ అమ్మ పెద్దమ్మ గడప తొక్కలేదు. పిలవకపోతే వెళ్ళేదాన్నా అని అక్క మీద, పిల్లనెందుకు తీసుకెళ్ళానని తన మీద కోపం. ఇరవై నాలుగేళ్ళు ఆ ఇద్దరూ దోషుల్లా బతికారు. నేను చూస్తూ ఊరుకున్నాను.

నిన్న ఇక్కడిదాకా రాసి పెన్ను మూత పెట్టాను. నీకు రాసి అమ్మకి చెప్పకపోతే అది ఇంకో దొంగ కార్డే అవుతుంది. ఇవాళ పొద్దున టీ తాగుతున్నప్పుడు ఉత్తరమంతా చదివి వినిపించాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయిపోయాక గ్లాసు కింద పెట్టింది.

“వరసలో మీ ముందు ఎంతమంది ఉన్నారన్నావు?” అంది.

“ఇద్దరు.”

“ఇద్దరే,” అంది.

లేచి సంచిలో నాలుగు బట్టలు సర్దుకుంది. అక్క దగ్గరికి వెళ్తున్నానంది. ఎప్పుడొస్తావని అడిగితే, ముందు వెళ్ళనీ అంది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని నాకు అనిపించింది. గుమ్మం దాటబోతూ ఆగి, “దానికి రాసింది రాసినట్టే పంపు, మెరుగులు దిద్దకు,” అంది. తర్వాత ఇంకో మాట అంది. “భయమేసిందని ఆ రోజే నాతో చెప్పొచ్చుగా. ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం. కలిసి వెళ్ళి వేయించుకొచ్చేవాళ్ళం.”

అందుకే నీకు చెప్తున్నాను, భయపడటం తప్పు కాదు. ఆ భయాన్ని మనసులో పెట్టుకుని అల్లుడితో వాదనలకి దిగకు. అతనితో భయమనే చెప్పు. ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మేనమామకి చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయని చెప్పండి, అడగాల్సినవన్నీ అడగండి, జ్వరమొస్తే ఏం చెయ్యాలో రాయించుకోండి. నీ చెవిని మాత్రం ఆ సూదికి వ్యతిరేకంగా సాక్ష్యానికి పిలవకు. అది చెప్పే సాక్ష్యం నా మీద.

నువ్వడిగిన కార్డు ఇందులోనే పెట్టాను. తట్టు వరస కొట్టేసి, ప్రూఫు దిద్దినట్టు పక్కన ‘వేయించలేదు’ అని రాసి, ఈసారి పూర్తి సంతకం పెట్టాను. అల్లుడికి చూపించు.

నాకు జవాబు రాయాలనిపించకపోతే రాయకు. నేను ఏమీ అనుకోను, అనుకునే హక్కు లేదు. పిల్లలకి సూది పడిన రోజు మాత్రం అమ్మకి ఒక్క ముక్క రాయి. పెద్దమ్మ ఇంటి చిరునామా వెనక రాశాను. ఆ కబురు నాకు చెప్పాలో వద్దో తనే చూసుకుంటుంది.

ఇట్లు,
మీ నాన్న