నా పన్ను నేనే కట్టాను

కుయెంకా,
మంగళవారం.

ఎవులాలియా అక్కకి,

నా మొదటి పన్ను కట్టేశాను! బేకరీ ఉద్యోగం మానేసి సొంతంగా రొట్టెలు మొదలుపెట్టాక, ఆసుపత్రివాళ్ళు బిల్లు ఉంటేనే కొంటామన్నారు కదా. "బిల్లులిచ్చావంటే పన్నులవాళ్ళు నిన్ను పీక్కుతింటారు" అని మా ఆయన బెదిరించాడు. అయినా పన్నుల ఆఫీసులో పేరు నమోదు చేయించుకున్నాను. పిండికీ గ్యాస్‌కీ రసీదులు దాచి, రోజూ పొయ్యి ఆర్పాక లెక్క రాసుకున్నాను.

ఇవాళ ఆఫీసులో గుమాస్తా కాగితాలన్నీ తిరగేసి, "ఎవరు రాశారమ్మా, మీవారా?" అన్నాడు.

"ఆయనకి రొట్టె తినడమే వచ్చు బాబూ, రాసింది నేనే" అన్నాను. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఒక్క తప్పు కూడా దొరకలేదక్కా!

బిల్లులిస్తున్నా ఆయన పెట్టిన భయం పోక, ఇన్నాళ్ళూ ఇంటి వెనక గదిలోనే చాటుగా అమ్మాను. రేపు వీధివైపు తలుపు తీసి, నా పేరుతో బోర్డు పెట్టిస్తున్నాను. అక్షరాలు బాగా పెద్దవిగా రాయమన్నాను.

నీ చెల్లెలు