నాలుగు చుక్కలు రద్దు చేయించుట గురించి

సామాజిక మానసిక ఆరోగ్య పరిశోధన కమిటీ అధికారి గారి సముఖమునకు, రాజమహేంద్రవరం.

పెదలంకపాలెం కాపురస్తురాలు, హైస్కూలు రిటైర్డు అటెండరు కొల్లాబత్తుల ఏసమ్మ వ్రాయించుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పరిశోధనాంశాల పట్టికలో నేను తప్పుగా అంటించిన నాలుగు చుక్కలను రద్దుపరచి, అందులో లేని ఒక ప్రశ్నను చేర్చుట గురించి.

1. గత నెల 19న మా చర్చి హాలులో తమ కమిటీవారు, మనోవ్యాధుల మీద ముందుగా దేనిని పరిశోధించవలెనో ఊరివారే తేల్చవలెనని చెప్పి, గోడకు పది ప్రశ్నల చార్టు కట్టి, మనిషికి ఐదు ఎర్ర చుక్కల స్టిక్కర్లు ఇచ్చియున్నారు. సంఘపెద్ద అబ్రహాము గారు తమ ఐదూ "పిల్లలకు పరీక్షల ఒత్తిడి" కింద అంటించినారు. వారి మనవరాలు ఇంటర్ చదువుచున్నది. వెనుక వెళ్ళిన మేమందరమూ అక్కడే అంటించితిమి. పెద్దాయన అంటించిన చోటు కాదని వేరేచోట అంటిస్తే ఏం బాగుంటుందండి? నావి నాలుగు అక్కడే ఉన్నవి.

2. నా కుడిచేతి కట్టు చూసి తమ ఉద్యోగిని వినీల గారు "ఏమైందండి అమ్మా?" అనగా "బాత్రూంలో జారిపడ్డానండి" అని చెప్పియున్నాను. అది అబద్ధము. నా కొడుకు శాంతికుమార్ పారతో కొట్టినాడు.

3. సదరు శాంతికుమార్, వయస్సు 29, మొక్కల నర్సరీలో పని. ఏడేళ్లుగా మనోవ్యాధికి మాత్రలు మింగుచూ నెమ్మదిగా ఉన్నాడు. ఆ మీటింగుకు ముందు మా ఆరోగ్య కేంద్రానికి పద్దెనిమిది రోజులు ఆ మాత్రలు రాలేదు. పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం, అన్నంలో విషం కలిపానని కంచం నా మొహాన కొట్టి, పార తెచ్చినాడు. తల మీదికి రాగా చెయ్యి అడ్డం పెట్టితిని. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. తర్వాత తన తల గోడకేసి కొట్టుకున్నాడు, సున్నం ఎర్రబడేదాకా.

అంబులెన్సువారు పోలీసులు ఉంటేనే వస్తామన్నారు. పోలీసులు ఇది ఆసుపత్రి కేసన్నారు. ఈలోగా మా వీధివారు వాణ్ణి నైలాను తాడుతో కరెంటు స్తంభానికి కట్టి కర్రలతో కొట్టినారు. తొమ్మిది మంది. అందరూ ఆదివారం మా పక్కన ప్రార్థనలో కూర్చునేవాళ్ళే. నేను అడ్డం పడితే నన్నూ తోసి, "నీ కోసమే కదమ్మా కొడుతున్నాం" అన్నారు. వాళ్ళూ చార్టు మీద చుక్కలు అంటించినారు.

4. కావున ఈ ప్రశ్న చేర్చవలెను: మాత్రలు ఆగిన ఇంట్లో పార లేచినప్పుడు ఎవరు రావాలి, కట్టకుండా, కొట్టకుండా మనిషిని ఎలా ఆపాలి? ఈ నెల 30న పట్టిక ఖరారగునని తెలిసినది. మాత్రలు మళ్ళీ వచ్చినవి గాని, నేటికి ఇంట్లో పదకొండే ఉన్నవి. నాకు భయంగా ఉందండి. వాడంటే కాదు, పన్నెండో రోజంటే.

ఐదో చుక్కను ఎక్కడా అంటించక కట్టు మడతలో దాచుకున్నాను. దానిని ఇందుతో జతపరచుచున్నాను. ఇరవై రెండేళ్లు ఊరివాళ్ళ అర్జీలు హెడ్మాస్టర్ల టేబుళ్ళ మీదికి మోసితిని. ఇది నా మొదటిది. పక్కన పెట్టక తమరు చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయురాలు,
ఏసమ్మ, ఎడమచేతి వేలిముద్ర

తా.క.: అయ్యా, అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసింది నేనేనండి, శాంతికుమార్‌ని. రెండో నంబరు రాయడానికి మూడు కాగితాలు చింపాను. మీటింగు రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. మాత్రలు వేసుకుని బాగానే ఉన్నాను. నన్నెవరూ పిలవలేదు. ఈసారి పిలవండి, చివర కూర్చుంటాను. అమ్మ దాచిన చుక్కని నాలుగో నంబరు పక్కన నేనే అంటించాను.