ఏడో లెక్కలో పోయిన ఫ్యూజు

అన్నా,

వైర్‌మన్ లైసెన్సు పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. హాల్ టికెట్టు, రెండు పెన్నులు టీవీ పక్కన పెట్టాను. జేబులో టెస్టర్ వేసుకుని వెళ్లకు, గేటు దగ్గరే ఆపేస్తారు.

నీ నోటుపుస్తకం దిద్దాను. మూడో లెక్కలో నాలుగు ఓంలు, పన్నెండు ఓంలు సమాంతరంగా కలిపితే పదహారని రాశావు. మొన్నా అదే తప్పు, నిన్నా అదే తప్పు. సమాంతరంగా కలిపితే వచ్చేది చిన్నదానికన్నా తక్కువే ఉంటుందని ఎన్నిసార్లు చెప్పాలి? మూడు ఓంలు.

మొత్తం ఎన్ని ఓంలని అడిగిన ఏడో లెక్కకు "ఫ్యూజు పోతుంది, ఈ వైరింగు చేసినవాణ్ణి పిలవండి" అని రాశావు. ఇదేం జవాబని అడిగితే "పదేళ్లుగా వైరింగు చేస్తున్నా, నువ్వా నాకు చెప్పేది?" అంటూ వదిన ముందే పుస్తకం విసిరికొట్టావు. నన్ను చదివించడానికే నువ్వు బడి మానేశావని గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతావు. ఆ మాట పడలేకే రోజూ ఆఫీసు నుంచి వచ్చి నీ ముందు కూర్చుంటున్నాను. ఈసారీ తప్పితే ఇంకో ఏడాది ఆ కాంట్రాక్టరు కిందే తిట్లు తిను. నా దగ్గరికి మాత్రం రాకు.

కూర మీద మూత పెట్టాను. తినే వెళ్లు.

చెల్లి

బస్సుకు టైమైంది గానీ, ఏడో లెక్క బొమ్మ మళ్లీ చూశాను. ఉత్త తీగ ఒకటి బ్యాటరీ రెండు కొసలకే కలిసి ఉంది, అంటే షార్ట్ సర్క్యూటే. నేను ఎర్ర పెన్నుతో జవాబుగా వేసిన ఆరు ఓంలు తప్పు, కొట్టేశాను. నువ్వన్నట్టు ఫ్యూజు పోతుంది. పరీక్షలో మాత్రం సున్నా ఓంలు అని రాయి. ఎవర్నీ పిలవమనకు.