వాకిట్లో ఓటు

నరసరావుపేట, సోమవారం

నామినేషన్ వెనక్కి తీసుకోవడానికి రేపే ఆఖరు. పొద్దున వార్డు పెద్ద శేషయ్య వచ్చాడు.

"కృష్ణ అవతల్నించి బతకొచ్చినోడివి. హమాలీల యూనియన్‌తో ఆగరాదా? కౌన్సిలర్ గిరీ నీకెందుకు? పైగా భార్య పోయి ఏడాది నిండలా. ఏటిసూతకంలో ఎవరి గడప తొక్కుతావు?"

మొదటి మాటకు ముప్పై ఏళ్లుగా జవాబు చెబుతూనే ఉన్నాను. రెండోదానికి వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. సరళ సంవత్సరీకానికి ఇంకా నాలుగు నెలలుంది.

సాయంత్రం హమాలీల వీధికి వెళ్లాను. ఏ గడపా దాటకుండా వాకిట్లోనే నిలబడి ఓటడిగాను. సరళ "పిన్నీ" అని పిలుచుకున్న మస్తాన్‌బీ తలుపు తీసింది.

"ఏందల్లుడా, బయటే నిలబడ్డావు? శేషయ్యకు బెదిరావా?"

"బెదరలేదత్తా. ఏడాది నిండేదాకా సరళ కోసం ఇట్లనే నిలబడతా."

"అయితే నేనూ లోపల కూర్చోను" అంటూ గడప దిగి వచ్చి అరుగు మీద కూర్చుంది. పక్కిళ్ల ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే బయటికొచ్చారు. మీటింగు అక్కడే జరిగింది.

ఇంటికొచ్చి ఈ సంగతి సరళకు చెప్పబోయాను, అలవాటుగా...

నామినేషన్ వెనక్కి తీసుకోవడానికి రేపు మునిసిపల్ ఆఫీసుకు వెళ్లను. పొద్దున్నే మిగిలిన వీధులు తిరుగుతాను. మొదట శేషయ్య వాకిట్లో నిలబడతాను.